పాత ఉస్మానియాకు వేసిన తాళం తీయండి: ప్రభుత్వానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి, వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, ఆ శాఖ ఉన్నతాధికారులకు,

నమస్కారం.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఊళ్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి, జిల్లా డాక్టర్లు చీటీ మీద 'ఉస్మానియా' అని రాస్తే, ఆ మనిషిని వెంటబెట్టుకుని హైదరాబాద్ తీసుకొచ్చేది చాలాసార్లు నేనే. మా నాన్నను తీసుకొచ్చిన రోజు నుంచి ఇది అలవాటైంది. 1991లో ఆయన పేగు ముడిపడి నొప్పితో మెలికలు తిరుగుతుంటే, రాత్రికి రాత్రి ఆపరేషన్ చేసి బతికించారు. పైసా తీసుకోలేదు. ఆ తర్వాత ఆయన ఇంకో పద్దెనిమిదేళ్లు మా మధ్య ఉన్నారు. ఆ రుణం తీర్చుకోవడానికి నాకు తెలిసిన దారి, ఇంకొకరిని అదే గేటు దాకా తీసుకురావడమే.

ఉస్మానియా దవాఖాన పాత భవనం గురించి మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. రెండుసార్లు ముట్టినట్టు రసీదు ఇచ్చారు. జవాబు మాత్రం రాలేదు. ఏ ఆఫీసు, ఎవరి బల్ల అని ఇక్కడ రాయను. ఒక మనిషిని నొప్పిస్తే పని జరగదు. అందుకే అందరూ చదివేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడుగుతున్నది ఇది. 2020 జులైలో ఉస్మానియా పాత భవనానికి వేసిన తాళం తీయండి. దాన్ని బాగు చేయించి మళ్లీ బీదవాళ్ల వైద్యానికే వాడండి. దానికి బదులుగా గోషామహల్‌లో కట్టే కొత్త దవాఖాన తలుపులు తెరుచుకునే దాకా, ఈలోగా నలిగిపోతున్నవాళ్లకు పడక చూపించండి.

ముందు ఆ భవనం ఏమిటో కొంచెం చెప్పాలి. మీకు తెలియదని కాదు. ఫైళ్లలో అది 'శిథిలావస్థకు చేరిన కట్టడం' అనే ఒక్క ముక్కగా మారిపోయింది కాబట్టి చెప్పాలి.

మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ వైద్యం మొదలైంది 1860ల్లోనే. అప్పటికే, 1846లో, హైదరాబాద్ మెడికల్ స్కూల్ వెలిసింది. ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం అదే. ఆ స్కూలుకూ దవాఖానకూ పెద్దగా ఉన్న డాక్టర్ ఎడ్వర్డ్ లారీ హయాంలో, 1888లో ఒకసారి, 1889లో మరోసారి, హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. ఆపరేషన్ ముందు మత్తు కోసం ఇచ్చే క్లోరోఫామ్‌తో మనుషులు ఎందుకు చనిపోతున్నారన్నది ఆనాడు లోకమంతా తల పట్టుకున్న ప్రశ్న. దాన్ని తేల్చడానికి నిజాం సర్కారు డబ్బిచ్చింది. లండన్ నుంచి లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు ఇక్కడికి వచ్చాడు. ఊపిరి ఆగడం వల్లే మరణం వస్తుంది, గుండె మీద నేరుగా దెబ్బ పడదు అని వాళ్లు తేల్చారు. ఆ నిర్ణయం సరికాదని తర్వాతి పరిశోధనల్లో బయటపడింది. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. అయినా, అంత పెద్ద ప్రశ్నకు జవాబు వెతకడానికి లోకం మన మూసీ ఒడ్డుకు వచ్చిందన్నది చిన్న విషయం కాదు. అదే స్కూల్లో చదువుకున్న రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెప్పుకుంటారు. ఆడపిల్ల బడికి వెళ్లడమే వింతగా చూసిన కాలం అది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. సుమారు 15 వేల మంది చనిపోయారని చరిత్రకారులు రాశారు. అఫ్జల్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. పురానాపూల్ ఒక్కటే నిలిచింది. అఫ్జల్‌గంజ్ దవాఖాన కొట్టుకుపోయింది. ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కినవాళ్లు మాత్రం బతికారు. నూటయాభై మంది దాకా ఆ కొమ్మల్ని పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఇవాళ్టికీ అక్కడే ఉంది. దాని కింద కూర్చుని సద్దిమూట విప్పుకునే రోగుల బంధువుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. నేను చెబితే తల పైకెత్తి చూస్తారు. ఒకావిడ లేచి చెట్టుకు దండం పెట్టింది.

ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, నగరాన్ని కొత్తగా తీర్చిదిద్దే పని మొదలైంది. అందులో భాగంగానే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో దవాఖానకు కొత్త భవనం లేచింది. ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్. ఏటికి అవతలి గట్టున హైకోర్టు, కొంచెం దూరంలో సిటీ కాలేజీ, కాచిగూడ రైల్వే స్టేషన్ కూడా ఆయన గీసినవే. ఉస్మానియా భవనాన్ని 1919 నాటిదిగా లెక్కిస్తారు. అంటే నూరేళ్లు దాటింది. మందపాటి గోడలు, ఎత్తైన కప్పులు, వెడల్పాటి వరండాలు, మీద గుమ్మటాలు. మండు వేసవిలో కూడా ఆ వార్డుల్లో గాలి ఆడేది. ఆనాటి మనసు ఒకటి గమనించండి. ఒక గట్టున న్యాయం, ఇంకో గట్టున వైద్యం, రెండూ రాజమహల్ లాంటి భవనాల్లో పెట్టారు. దవాఖానలో పడుకునేది మాత్రం కూలీ, రిక్షా తొక్కేవాడు, పల్లె నుంచి వచ్చిన రైతు. బీదవాడికి అంత గొప్ప కప్పు కింద పడక వేయాలని ఎవరో అనుకున్నారు. ఆ తలంపును మనం పోగొట్టుకోకూడదు.

పేరు ఆ గోడల వల్ల మాత్రమే రాలేదు. ఇక్కడ వార్డుల్లో నేర్చుకున్న డాక్టర్లు దేశమంతా, విదేశాల్లో కూడా ఉన్నారు. లక్షలు పెడితే తప్ప జరగని కాలేయ మార్పిడిని ఇక్కడి సర్జన్లు బీదవాళ్లకు ఉచితంగా చేశారు. కాలిన గాయాలవాళ్ల కోసం 2022లో స్కిన్ బ్యాంక్ పెట్టారు. 2020లో గాంధీ ఆసుపత్రి మొత్తాన్ని కోవిడ్‌కే కేటాయించినప్పుడు, మిగతా జబ్బుల భారం ఎక్కువగా ఎవరి మీద పడిందో మీ రికార్డుల్లోనే ఉంది. బీదర్, కలబురగి, రాయచూరు వైపు నుంచి ఇప్పటికీ ఇక్కడికే వస్తారు. ఒకప్పుడు అదంతా ఒకే రాజ్యం. 1956లో రాష్ట్రాలు వేరుపడ్డాయి గానీ రోగులు దారి మార్చుకోలేదు.

ఇక ఈ పదేళ్లలో జరిగింది. 2015లో పాత భవనం కూల్చి టవర్లు కడతామని ఆనాటి ప్రభుత్వం చెప్పింది. వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్న భవనాన్ని ఎలా కూలుస్తారని జనం లేచారు. కట్టడం గట్టిదే, బాగు చేస్తే నిలుస్తుంది అని వారసత్వ కట్టడాల రక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ నిపుణులు చెప్పారు. కూల్చలేదు, బాగు కూడా చేయలేదు. 2020 జులై వానలకు వార్డుల్లోకి మురుగునీళ్లు వచ్చాయి. రోగులు మంచాల మీద, కింద నీళ్లు. ఆ దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. కొద్ది రోజుల్లోనే భవనం ఖాళీ చేసి తాళం వేయమని ఉత్తర్వు వచ్చింది. ఆ పరిస్థితిలో రోగుల్ని బయటికి తేవడం సరైన పనే. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. తాళం వేసినవాళ్లు అది ఎప్పుడు తీస్తారో రాయకపోవడమే నా బాధ. హైకోర్టులో కేసులు నడిచాయి, నిపుణుల కమిటీలు వచ్చాయి. 2023లో మళ్లీ కూల్చే మాట వచ్చింది. ప్రభుత్వం మారాక గోషామహల్ పోలీస్ మైదానంలో, సుమారు 26 ఎకరాల్లో, 2,000 పడకలతో కొత్త ఉస్మానియా కడతామన్నారు. 2025 జనవరి 31న శంకుస్థాపన చేశారు. పాత భవనాన్ని వారసత్వ కట్టడంగా కాపాడతామని కూడా అన్నారు.

కూల్చకుండా వేరే చోట కట్టాలన్న నిర్ణయం మంచిది. అందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. కానీ 'కాపాడతాం' అన్న మాటకు తేదీ లేదు, లెక్క లేదు, బాధ్యుడి పేరు లేదు. దీనివల్ల మామూలు జనం మీద ఏం పడుతోందో, ఏం చేయాలో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. పడక. అంత పెద్ద భవనం మూతపడితే అందులోని వార్డులు ఎక్కడికి పోతాయి? పక్కనున్న కులీకుతుబ్‌షా బ్లాకులోకి, మిగతా భవనాల్లోకి సర్దారు. రోగులు తగ్గలేదు, చోటు తగ్గింది. ఒకే మంచం మీద ఇద్దరు, మంచాల మధ్య నేల మీద పరుపులు, వరండాలో సెలైన్ సీసా పట్టుకుని నిలబడ్డ బంధువు. పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చినా ఇది మారలేదు. ఆపరేషన్ అయిన మనిషి పక్కన దగ్గుతున్న మనిషిని పడుకోబెడితే ఏమవుతుందో డాక్టర్లకు మనం చెప్పక్కర్లేదు. వాళ్లకు వేరే దారి లేదు. ఆ డాక్టర్లను, నర్సులను నేను ఒక్క మాట అనను. అంత జనంలో, అంత ఇరుకులో పనిచేస్తున్న పీజీ పిల్లల మొహాలు చూస్తే జాలేస్తుంది. కొత్త దవాఖాన పూర్తి కావడానికి ఏళ్లు పడుతుంది. వరంగల్‌లో సెంట్రల్ జైలు తీసేసి 2021లో మొదలుపెట్టిన ఆసుపత్రి అనుకున్న గడువుకు పూర్తి కాలేదు. గోషామహల్‌లో అలా జరగదని నమ్ముతాను, కానీ నమ్మకం మీద రోగిని పడుకోబెట్టలేం. ఆవరణలోనో, దగ్గరలో ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనాల్లోనో తాత్కాలిక వార్డులు వెంటనే వేయండి. ఎన్ని పడకలు పోయాయి, వాటికి బదులు ఎన్ని వచ్చాయి అన్న లెక్క గోడ మీద రాసి పెట్టండి.

2. తాళం వేసిన భవనం తనంతట తాను నిలబడదు. మనుషులు తిరిగే ఇంటికీ, మూసేసిన ఇంటికీ తేడా పల్లెటూరివాళ్లకు బాగా తెలుసు. ఊడవని ఇల్లు రెండు వానాకాలాలు చూస్తే చాలు, చూరు జారుతుంది. ఇక్కడ ఐదు వానాకాలాలు దాటాయి. కప్పు మీద నీళ్లు నిలిస్తే గోడలోకి దిగుతాయి. పగుళ్లలో రావి మొక్క మొలిస్తే దాని వేరు రాయిని విడదీస్తుంది. ఇది సున్నంతో కట్టిన భవనం. సున్నపు గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని గోడను తినేస్తుంది. కాబట్టి ఏదో ఒక కాంట్రాక్టరుకు అప్పగించి పైపూత పూయించే పని కాదిది. పాత కట్టడాలు బాగుచేయడం తెలిసిన ఇంజనీర్లు, సున్నం పనివాళ్లు కావాలి. పూర్తి మరమ్మతుకు సమయం పడుతుందని ఒప్పుకుంటాను. కప్పు మీది నీళ్లు బయటికి పోయే దారులు శుభ్రం చేయడం, మొక్కలు వేళ్లతో సహా తీయడం, మురుగు కాలువలు సరిచేయడం, ఇవి మాత్రం వచ్చే వానలలోపే చేయొచ్చు. వీటికి కమిటీ అక్కర్లేదు. ఇప్పుడు చేయకపోతే ఇంకో ఐదేళ్లకు 'ఇక లాభం లేదు, కూల్చాల్సిందే' అన్న నివేదిక దానంతట అదే తయారవుతుంది. నాకున్న పెద్ద భయం ఇదే.

3. బస్సు దారి. ఇది ఎవరూ మాట్లాడడం లేదు. పల్లె నుంచి వచ్చే మనిషి తెల్లవారుజామున ఎంజీబీఎస్‌లో, అంటే మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో, దిగుతాడు. అక్కడి నుంచి ఉస్మానియా నడిచి వెళ్లే దూరం. ఆటోకు డబ్బుల్లేకపోయినా, దారి తెలియకపోయినా, 'దవాఖాన ఎటు' అని అడిగితే ఎవరైనా చెయ్యి చూపిస్తారు. నా వెంట వచ్చిన ఎంతోమంది ముసలివాళ్లు హైదరాబాద్‌లో చూసింది ఆ బస్టాండూ, ఈ దవాఖానా, అంతే. గోషామహల్ మరీ దూరం కాదు. కానీ జబ్బుతో ఉన్న మనిషికి, చేతిలో చంటిబిడ్డ ఉన్న తల్లికి అది నడిచే దూరం కాదు. కొత్త దవాఖాన తెరిచే రోజు నుంచే ఎంజీబీఎస్, నాంపల్లి స్టేషన్, పాత ఉస్మానియా, గోషామహల్ మధ్య పగలూ రాత్రీ ఉచిత బస్సు తిప్పండి. ప్లాన్‌లో ఇప్పుడే రాసుకుంటే ఖర్చు తక్కువ, తర్వాత గుర్తొస్తే ఎవరికీ బాధ్యత ఉండదు.

4. కార్డు లేనివాళ్లు. ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెంచారు, ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లొచ్చు కదా అని కొందరు అడుగుతారు. వెళ్లగలిగినవాళ్లు వెళ్తూనే ఉన్నారు. ఆ జాబితాలోకి రాని జబ్బులున్నాయి. రేషన్ కార్డు లేని వలస కూలీ ఉన్నాడు. రోడ్డు మీద స్పృహ తప్పి పడిపోయిన, పేరు తెలియని మనిషి ఉన్నాడు. పురుగుమందు తాగిన రైతును ఒళ్లో పెట్టుకుని అర్ధరాత్రి జీపులో వచ్చే అన్నదమ్ములున్నారు. అడ్వాన్స్ కట్టమని అడగని తలుపు వీళ్లకు కావాలి. ఊళ్లల్లో 'ఉస్మానియా' అంటే ఆ తలుపు. కాబట్టి దవాఖాన మొత్తం గోషామహల్ వెళ్లినా, అఫ్జల్‌గంజ్‌లో అత్యవసర విభాగం, ఓపీ, మందుల కౌంటర్ ఉండాలి. పాతబస్తీ జనానికి అది ఇంటి పక్క దవాఖాన. నాలుగు తరాలుగా అలవాటైన చోటును ఒక్కసారిగా మూసేయకండి.

5. పాత భవనాన్ని దేనికి వాడతారు? ఇది మీరు స్పష్టంగా చెప్పాలి. ఇప్పటి ఆపరేషన్ థియేటర్లు, ఐసీయూలు, ఆక్సిజన్ లైన్లు, ఫైర్ నిబంధనలు వీటన్నిటికీ నూరేళ్ల నాటి గదులు సరిపోవని డాక్టర్లు చెబితే నేను వాదించను. అది నిజమే కావచ్చు. కానీ వైద్యం అంటే థియేటర్ ఒక్కటే కాదు. ఓపీ గదులు, బీపీ, షుగర్ రోగులకు నెలనెలా మందులిచ్చే చోటు, ఫిజియోథెరపీ, టీకాలు, నర్సింగ్ విద్యార్థుల తరగతులు ఆ కప్పు కింద హాయిగా నడుస్తాయి. ఒక భాగంలో ఈ దవాఖాన చరిత్ర చూపించే మ్యూజియం పెట్టండి. క్లోరోఫామ్ కథ, వరద కథ, రూపాబాయి కథ మన పిల్లలు వచ్చి చూడాలి. పై అంతస్తులో కొంత భాగం రోగుల వెంట వచ్చినవాళ్లు పడుకోవడానికి ఇవ్వండి. రాత్రిపూట ఫుట్‌పాత్ మీద దుప్పటి కప్పుకుని పడుకునే ఆడవాళ్లను చూసినప్పుడల్లా, ఎదురుగా అంత పెద్ద భవనం చీకట్లో ఖాళీగా ఉండడం నాకు మింగుడు పడదు. దాన్ని హోటల్‌గానో, వాణిజ్య అవసరాలకో లీజుకు ఇచ్చే ఆలోచన ఎవరికైనా ఉంటే, ఇవాళే వదిలేయమని చేతులు జోడించి అడుగుతున్నాను. ఏ గదీ బీదవాళ్ల పనికి తప్ప వేరే పనికి ఇవ్వబోమని ఉత్తర్వులో రాయండి.

6. మార్చురీ. దీని గురించి రాయడానికి చెయ్యి ఆడదు, రాయక తప్పదు. ప్రమాదంలోనో, ఆత్మహత్యలోనో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు పోస్టుమార్టం కోసం ఎండలో గంటల తరబడి నిలబడతారు. ఆ చోట నీడ, కుర్చీ, మంచినీళ్లు, ఏ కాగితం ఎక్కడ తేవాలో నెమ్మదిగా చెప్పే ఒక మనిషి, ఇవి చాలు. కొత్త దవాఖాన ప్లాన్‌లో మార్చురీని చివరన మిగిలిన మూలలో పెట్టకండి. ఇప్పుడున్న చోట కూడా ఈ ఏర్పాట్లు వెంటనే చేయండి.

7. సిబ్బంది. 2,000 పడకల భవనం కట్టడం ఒక ఎత్తు, అందులో 2,000 పడకలకు సరిపడా నర్సులు, టెక్నీషియన్లు, వార్డు బాయ్‌లు, స్ట్రెచర్ తోసేవాళ్లు ఉండడం ఇంకో ఎత్తు. పోస్టుల మంజూరు భవనంతో పాటే జరగాలి. లేకపోతే తళతళలాడే గదుల్లో కూడా బంధువులే స్ట్రెచర్ తోసుకుంటారు.

8. చింతచెట్టు. దాని చుట్టూ వేర్లకు గాలి, నీరు అందేలా నేల వదలండి. వాహనాలు పెట్టనివ్వకండి. మూడు భాషల్లో చిన్న బోర్డు పెట్టండి.

ఇందులో ఏదీ కొత్త కోరిక కాదని మీకు తెలుసు. పాత భవనం కాపాడతామన్నది మీరే. బీదవాడికి కార్పొరేట్ స్థాయి వైద్యం ఇస్తామన్నదీ మీరే. ఆ మాటలకు తేదీలు వేయమని మాత్రమే అడుగుతున్నాను. పాత భవనం మరమ్మతు ఏ నెలలో మొదలవుతుంది, ఎవరి పర్యవేక్షణలో, ఎంత కేటాయించారు, ఏ నెలలో తలుపు తెరుస్తారు. గోషామహల్ పని ఎంతవరకు వచ్చింది, నెలకోసారి ఎక్కడ చెబుతారు. తాత్కాలిక వార్డులు ఎన్ని, ఎప్పటిలోగా. ఈ లెక్కలన్నీ ఒకే కాగితం మీద పడతాయి. దాన్ని దవాఖాన గేటు దగ్గర, ఓపీ చీటీల కౌంటర్ పక్కన అతికించండి. చదవలేనివాళ్లకు నాలాంటివాళ్లం చదివి వినిపిస్తాం.

జర్నలిస్టు మిత్రులకు, లాయర్లకు, ఉస్మానియాలో చదువుకుని పెద్దవాళ్లయిన డాక్టర్లకు కూడా ఒక మాట. ఆ వార్డుల్లో బీదవాళ్ల నాడి పట్టుకునే మీరు వైద్యం నేర్చుకున్నారు. ఈ విషయంలో మీ గొంతు నా గొంతు కంటే దూరం వెళ్తుంది. దయచేసి మాట్లాడండి.

ప్రతి ఏటా సెప్టెంబర్ 28న ఆ చింతచెట్టు కింద కొంతమంది చేరి, వరదలో పోయినవాళ్లను తలుచుకుంటారు. ఈసారి నేను మా ఊరి నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి, ఇక్కడ బతికి ఇంటికి తిరిగి వెళ్లినవాళ్లను వెంటబెట్టుకుని వస్తాను. నినాదాలు ఉండవు, రోడ్డు ఆపడం ఉండదు. పొద్దున పది గంటలకు చెట్టు కింద కూర్చుంటాం. మీ తరఫున ఒక అధికారిని పంపండి. ఆయన చేతిలో తేదీలు రాసిన ఆ కాగితం ఉంటే చాలు.

ఇట్లు,
నల్లగొండ జిల్లా నుంచి ఒక రిటైర్డ్ టీచర్